రహస్యానికి ఇన్వర్డు నంబరు

ఆ రోజుల్లో మా దిక్కున కంప్యూటరు నేర్చుకున్నవాడికి నడకే మారిపోయేది. నాదీ మారింది. (అమ్మ మాత్రం కొత్త చెప్పులు కరుస్తున్నాయేమో అనుకుంది.) రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. జిల్లాలింకా విడిపోలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ పాలమూరు కిందే ఉండేవి. ఊరికి ఒకటో రెండో ఇంటర్‌నెట్ సెంటర్లు. పరీక్షా ఫలితాలు వచ్చే రోజున వాటి ముందు జాతర, మిగతా రోజుల్లో ఈగలు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు కదా, కర్నూలులో ఏడాది కోర్సు చేసి వచ్చిన నేను ఆ ఆముదపు చెట్టును. నాకు తెలియనిది చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్మిన వయసు. ఆ నమ్మకం ఒక సోమవారం పొద్దున, ఒక గోధుమరంగు కవరు చించిన చప్పుడుతో పోయింది. అప్పుడు తగిలిన అదురు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు కాబట్టి చెబుతున్నాను.

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. నేను మగ్గం గుంటలో దిగనని మొండికేసి చదువుకుని, వనపర్తిలో ఒక సంస్థలో చేరాను. మెట్ట రైతులకు విత్తనాలు ఇప్పించడం, బోర్లు ఎక్కడ వేయాలో చూపించడం, వాననీళ్లు ఆపే కట్టలు కట్టించడం ఆ సంస్థ పని. పెద్దాఫీసు వనపర్తిలో, గద్వాలలో ఒక శాఖ, నాగర్‌కర్నూలులో ఒక శాఖ. అయిజ, బిజినేపల్లి దిక్కు పల్లెల్లో తిరిగే సిబ్బంది వేరే. నాకిచ్చింది ఆర్నెల్ల ఉద్యోగం. ఆర్నెల్లూ చూసి, పనికొస్తానని పెద్దసారుకు (సంస్థకు ఆయనే డైరెక్టరు) నమ్మకం కుదిరితే పక్కా చేస్తారు, లేదంటే దండం పెట్టి పంపిస్తారు. ఇదే మాట నాయనతో చెబితే ఆయన పోగు అతుకుతూ తలెత్తకుండానే, "అంటే ఇంగ పడుగే ఎక్కలె. అప్పుడే చీర మడత పెట్టినట్టు మాట్లాడుతున్నవ్" అన్నాడు. నాకు కోపం వచ్చింది కానీ లెక్క ప్రకారం ఆయన చెప్పింది నిజమే.

నాలుగో నెలలో పెద్దసారు నన్ను పిలిచి, "మన మెయిలు రోజుకు నాలుగు సార్లు ఆగిపోతుందంట. జర కొత్తది చెయ్యాలె. ఏం కొనాలె, ఎట్ల మార్చాలె, ఎవరికి ఏం కావాలె, మొత్తం ప్లాను రాసి ఇయ్యి. అది చూసి నీ సంగతి గూడ తేలుస్త" అన్నాడు. నా ఉద్యోగం ఆ ప్లానుకు ముడిపడిందన్నమాట. అప్పటి మా మెయిల్ సర్వరును మీరు చూడాలి. విత్తనాల గదిలో, కంది బస్తాలకూ ఆముదాల బస్తాలకూ మధ్య, స్టూలు మీద ఉండేదది. సంస్థకు వచ్చే ఈమెయిళ్లన్నీ ముందు దాంట్లోకి వచ్చి, అక్కడి నుంచి ఎవరి డబ్బాలోకి వాళ్లవి వెళ్లేవి. టెలిఫోను తీగ మీద గరగరమని చప్పుడు చేసుకుంటూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉత్తరాలు తెచ్చుకునేది. కరెంటు పోతే పోయిందే. దాని మూత విప్పితే లోపల పిడికెడు కందిపొట్టు బయటపడింది. ఇన్నాళ్లూ ఇది ఎలా నడిచిందా అని నోరెళ్లబెట్టాను. (నిజంగానే నోరు తెరిచాను. పొట్టు లోపలికి పోయి దగ్గొచ్చింది.)

ఇక మా ఇన్వర్డక్క గురించి చెప్పాలి. వచ్చిన ప్రతి కాగితం మీద ఊదారంగు గుండ్రటి ముద్ర కొట్టి, తేదీ రాసి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, ఎవరి కాగితం వాళ్ల బల్ల మీద పెట్టే విభాగాన్ని ఇన్వర్డు అనేవాళ్లు. ఆ విభాగం మొత్తం ఒక్క మనిషే. నలభై ఐదేళ్లుంటాయి, కొత్తకోట దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇంటర్ దాకా చదివిందట. ఆమె బల్ల మీద ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి ఉండేవి. ఎవరైనా అడిగితే ప్రింట్లు తీసి ఇస్తుంది కాబోలు అనుకున్నాను. నేను చేరిన మొదటి వారమే, "వంట చేసుకుంటున్నవా పిలగా?" అని అడిగి, లేదంటే, మర్నాటి నుంచి తన టిఫిన్లో నాకూ రెండు జొన్నరొట్టెలు, పుంటికూర తేవడం మొదలుపెట్టింది. నేను ఆ రొట్టెలు తింటూ ఆమెకు సర్వరు గురించి పాఠాలు చెప్పేవాణ్ణి. ఆమె ఓపికగా తల ఊపేది. ఒక చిన్న వింత అప్పుడే నా కంట పడింది, కానీ పట్టించుకోలేదు. తెల్లారి నేను తెరపై చదివిన నా మెయిళ్లే పది గంటలకల్లా ముద్రతో, నంబరుతో నా బల్ల మీద ఉండేవి. కొత్తవాణ్ణి కదా, మర్యాద చేస్తున్నారనుకున్నాను.

ప్లాను రాయాలంటే ముందు మెయిలు వాడేవాళ్ల కష్టసుఖాలు తెలుసుకోవాలని మా కోర్సులో చెప్పారు. అందుకని నాది పోగా మిగిలిన ముప్పై ఆరు డబ్బాలకూ నాలుగు ప్రశ్నలు ఇంగ్లీషులో రాసి పంపాను. రోజుకు ఎన్నిసార్లు చూస్తారు, ఏం ఇబ్బంది, కొత్తదాంట్లో ఏం కావాలి, ఏ ఉత్తరాలు దాచిపెట్టాలి. ముగ్గురో నలుగురో జవాబిస్తారని నా అంచనా. మూడు రోజుల్లో ముప్పై ఆరు జవాబులొచ్చాయి. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో, నిండుగా, పనికొచ్చేవి. "ఫోటోలున్న మెయిలు ఒక్కటొస్తే మధ్యాహ్నం దాకా మిగతావి రావు" అని నాగర్‌కర్నూలు శాఖ మేనేజరు. "అక్షరాలు పెద్దగా కావాలె, అద్దాలు ఇంటి కాడ మరిచే అలవాటున్నది" అని గద్వాల సారు. అన్నిటికన్నా మా బోరు సారు జవాబు చూసి దిమ్మ తిరిగింది. ఆయన నీళ్లెక్కడ పడతాయో చూసే మనిషి, యాభై దాటినవాడు, కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వచ్చే రకం. ఆయన రాశాడు, "బోరు పడిందన్న ఉత్తరం, ఎండిందన్న ఉత్తరం ఒక్కతాన కనబడాలె. పైవాళ్లు ఒకటే చూసి ఇంకో బోరు మంజూరు చేస్తున్నరు." ఇంత తెలివైన కోరిక పట్నం కంపెనీల్లో కూడా ఎవరూ కోరి ఉండరు. అన్ని జవాబులూ పది నుంచి ఐదు లోపలే, ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చాయి. అన్నిటి చివరా 'ఇట్లు విధేయుడు' అని ఉంది. ఈ సంస్థలో ఎంత క్రమశిక్షణ అని మురిసిపోయాను తప్ప, ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

ఇరవై రెండు పేజీల ప్లాను రాశాను. కొత్త యంత్రం, దానికి ఇన్వర్టరు, టెలిఫోను తీగకు బదులు బ్రాడ్‌బ్యాండు, పాత ఉత్తరాలన్నీ సీడీల మీదికి నకలు, ఒక ఆదివారం పూట మార్పిడి, మార్పిడి బెడిసికొడితే పాతదే మళ్లీ నడిపే ఏర్పాటు. ఏడో పేరాలో, భద్రత కోసం అందరి పాత పాస్‌వర్డులూ రద్దు చేసి, కొత్తవి ఎవరి కొత్త డబ్బాలోకి వాళ్లకు మెయిలు ద్వారా పంపుతామని రాశాను. తొమ్మిదో పేరాలో ఖర్చు తగ్గించే మార్గాలు. అందులో రెండు వాక్యాలున్నాయి. "సిబ్బంది అందరూ మెయిళ్లను స్వయంగా చూసుకుంటున్నారని సర్వేలో తేలింది. కాబట్టి కొత్త ఏర్పాటులో ఇన్వర్డు పోస్టు అవసరం ఉండదు." ఆ రెండు వాక్యాలు నేనే రాశాను, ఈ చేతులతోనే. రాసిన రోజు మధ్యాహ్నం ఆమె రొట్టెలే తిన్నాను. నాకు ఆ రెండిటికీ సంబంధం ఉందని తోచనే లేదు. నేను రాసింది పోస్టు గురించి, తిన్నది అక్క చేతి రొట్టెలు. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం ఆ ప్లానును పెద్దసారు మెయిలుకు పంపాను. ఉద్యోగాల సంగతి కదా, మూడో మనిషి కంట పడకూడదని పైన 'రహస్యం' అని కూడా రాశాను. పెద్దసారు నాగర్‌కర్నూలు దిక్కు క్యాంపులో ఉన్నాడు, సోమవారం దాకా రాడు. శనివారం ఆఫీసు ఉంది. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఇన్వర్డక్క ఎప్పటిలాగే రొట్టెలు నా వైపు జరిపి, "పిలగా, మీ గద్వాలల ఇంటికాడ కూసోని చేసే పనులు ఉంటయి గదా, కండెలు చుట్టేటియి గిట్ల. బయటోళ్లకు ఇస్తరా?" అని అడిగింది. నేను సంబరంగా, "ఇస్తరక్కా. మా అమ్మను అడుగుత. నీకెందుకు గని, ఊకె కూసోకుండ మంచి కాలక్షేపం" అని చెప్పాను. కండె చుట్టేటప్పుడు పోగు ఎలా పట్టుకోవాలో చేతులతో చూపించాను కూడా. ఆమె శ్రద్ధగా చూసి, ఇంకో రొట్టె వేసింది.

సోమవారం పొద్దున పెద్దసారు పిలిచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని లోపలికి వెళ్లాను. ఆయన ముందు ట్రేలో ఒక గోధుమరంగు కవరు ఉంది. నాలుగు వైపులా జిగురు పెట్టి అంటించి, అంటించిన చోటల్లా ఊదారంగు ముద్ర కొట్టి, పైన ఎర్ర సిరాతో 'రహస్యం, పెద్దసారు స్వయంగా తెరవవలెను' అని గుండ్రటి దస్తూరీలో రాసి ఉంది. కింద ఇన్వర్డు నంబరు. ఎవరిదో పెద్ద రహస్యం ఉందే అనుకున్నాను. ఆయన స్కేలుతో కవరు చించి లోపలి కాగితాలు బయటికి తీశాడు. నా ప్లాను. ఇరవై రెండు పేజీలు. మొదటి పేజీ మీద గుండ్రటి ముద్ర.

"సార్, ఇది మీకు నేరుగ మెయిల్ల రాలేదా?" అన్నాను.

"మెయిల్లనే వచ్చింది. మెయిలంటే ఇదే గదనయ్యా" అని ఆయన ఆ కాగితాలే చూపించాడు.

"అది గాదు సార్. మీ కంప్యూటర్ల... మీ పాస్‌వర్డు..."

"అదేందో నాకు తెల్వదు. ఇన్వర్డమ్మకు తెల్వాలె. నావి, అందరియి ఆమెనే తీస్తది. నంబరు పడనిదే ఈ ఆఫీసుల ఏ కాగితం కదలది."

గది మొత్తం ఒకసారి పక్కకు ఒరిగినట్టయింది. ఆయన చదవడం మొదలుపెట్టాడు. నేను నిలబడి పేజీలు లెక్కపెట్టుకుంటున్నాను. తొమ్మిదో పేరా ఉన్న పేజీ దగ్గర ఆయన ఆగాడు. రెండు సార్లు చదివాడు. కళ్లజోడు తీసి, "ఇది ఎవరి గురించి?" అని అడిగాడు. "ఇన్వర్డు పోస్టు గురించి సార్." "పోస్టుకు పేరు లేదా?" అన్నాడు. ఆయన లేచి బీరువాలోంచి ఒక ఫైలు తీసి నా ముందు వేశాడు. ఏళ్ల తరబడి ఢిల్లీ నుంచీ విదేశాల నుంచీ వచ్చిన ఇంగ్లీషు మెయిళ్ల ప్రింట్లు. ప్రతి దాని అంచున పెన్సిలుతో తెలుగులో మూడు వరుసలు. "సారాంశం: వచ్చే నెల చూడనీకి ఇద్దరు వస్తరట. కట్టల ఫోటోలు అడిగిన్రు. శుక్రవారం లోపల జవాబియ్యాలె." ఆ గుండ్రటి దస్తూరీయే. పెద్దసారు నెమ్మదిగా చెప్పాడు. "నాకు ఇంగ్లీషు వస్తది, టైము లేదు. కొందరికి టైము ఉన్నది, ఇంగ్లీషు రాదు. నువ్వు పోయి ఆమె ఏం పని చేస్తదో అడిగి రాసుకోని రా. తర్వాత నీ ప్లాను చూస్త, నిన్ను గూడ చూస్త."

నేను ముందు ఆమె దగ్గరికి వెళ్లలేదు. అంత ధైర్యం లేదు. విత్తనాల గదిలోకి వెళ్లి, సర్వరులో ఏ డబ్బాను ఏ కంప్యూటరు నుంచి తెరుస్తున్నారో ఉండే చిట్టా తీశాను. ఆ పని మొదటి రోజే చేయాల్సింది. (చేయలేదు, ఎందుకంటే నాకు అన్నీ తెలుసు కదా.) ముప్పై ఏడు డబ్బాలూ, నాది కూడా కలుపుకుని, రోజూ ఒకే కంప్యూటరు నుంచి తెరుచుకుంటున్నాయి. గద్వాల శాఖవి, నాగర్‌కర్నూలు శాఖవి కూడా అంతే. రోజూ మూడింటి బస్సు కండక్టరు చేతికి ఆమె ఇచ్చే కట్ట, ఇలా తీసి ముద్ర కొట్టిన మెయిళ్లేనని అప్పుడు వెలిగింది. అంటే వనపర్తి నుంచి గద్వాలకు మా సంస్థలో ఈమెయిలు ఆర్టీసీ బస్సులో పోతోంది. కంది బస్తా మీద కూలబడ్డాను. ముప్పై ఆరు జవాబులు, ముప్పై ఆరు 'ఇట్లు విధేయుడు'లు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. వాటి ఆధారంగా వేసిన రంగుల పటాలు నాలుగు పేజీలున్నాయి.

చివరికి ఆమె బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమె ముద్రకు సిరా అద్దుతోంది. "కూసో" అంది. కూర్చున్నాను. "అక్కా, ఆ జవాబులన్ని నువ్వే రాసినవా?" అని అడిగాను.

"నేనే రాసిన. గని నా సొంతంగ రాయలె. అందర్ని అడిగే రాసిన. రెండు శాఖలకు ఫోన్లు చేసిన, ఇక్కడోళ్ల కాడికి ఒక్కొక్కరి కాడికి పోయిన. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిన. తిట్లు మాత్రం తీసేసిన."

"మూడు దినాలు గిదే పని చేసినవా?"

"నీ నౌకరి పక్కా కావాలె గదా. జవాబులు రాకుంటే ప్లాను ఏం పెట్టి రాస్తవ్?"

అక్కడే భూమి చీలితే బాగుండునని అనుకున్నవాళ్ల సంగతి విన్నాను, అప్పుడు నాకు స్వయంగా తెలిసింది. నా ఉద్యోగం నిలబెట్టడానికి ఆమె కాళ్లరిగేలా తిరిగి తెచ్చిన జవాబులవి. వాటినే సాక్ష్యంగా చూపించి నేను ఆమె ఉద్యోగం తీసేయమని రాశాను. పైగా ఆ రాసిన కాగితాన్ని ఆమె చేతికే ఇచ్చాను. ఆమె దాన్ని చదివి, ప్రింటు తీసి, నంబరు వేసి, జిగురు పెట్టి అంటించింది. శనివారం కండెల పని గురించి ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది. నేను చేతులు తిప్పుతూ చూపించింది గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడే బోరు సారు వచ్చాడు. తలుపు దగ్గర చెప్పులు విప్పి, "నాకేమన్న వచ్చిందా అమ్మా?" అన్నాడు. ఆమె ఒక కాగితం ఇచ్చింది. పైన ఇంగ్లీషు, అంచున పెన్సిలు గీతలు. ఆయన పెదవులు కదుపుతూ పెన్సిలుతో రాసిందే చదివాడు. నన్ను అప్పుడు చూశాడు. గబుక్కున కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, "వానలు గిట్ల పడేటట్టున్నయా పిలగా?" అని సంబంధం లేని మాటొకటి అడిగి వెళ్లిపోయాడు. ఆమె ఆయన వెళ్లిన దిక్కు చూసి, గొంతు తగ్గించి, "ఆయన సంగతి నీ ప్లాన్ల రాయకు" అంది. తన సంగతి గురించి ఆ మాట అనలేదు.

నేను "అక్కా, తొమ్మిదో పేరా..." అని మొదలుపెట్టాను.

"తొమ్మిదో పేరా సంగతి ఇడ్సిపెట్టు. ఏడో పేరాల తప్పున్నది" అంది ఆమె. "పాత పాస్‌వర్డులు తీసేస్త, కొత్తయి కొత్త డబ్బలకే పంపిస్త అని రాసినవ్. ఆ డబ్బ తెరవనీకే గదా పాస్‌వర్డు కావాల్సింది. తాళంచెవి పెట్టెల పెట్టి పెట్టెకు తాళమేస్తవా?"

నిలువునా కొయ్యబారిపోయాను. ఆ ప్లాను అలాగే అమలై ఉంటే, మార్పిడి మర్నాడు సంస్థలో ఒక్క మనిషి కూడా ఒక్క ఉత్తరం కూడా చూడలేకపోయేవాడు. ఇరవై రెండు పేజీలు నాలుగుసార్లు చదువుకున్న నాకు కనబడలేదు. తన ఉద్యోగం తీసేయమన్న కాగితంలో, తన గురించి రాసిన దాని కంటే ముందు, పనిలో తప్పు ఆమెకు కనబడింది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక ముక్కు ఎగబీల్చాను. ఆమె నా అవస్థ చూసి నవ్వింది. "పరేషాన్ గాకు. రాసుకో, నేను చెప్త" అంది.

రెండు రోజులు ఆమె బల్ల పక్కన కూర్చుని రాసుకున్నాను. ఎవరికి పెద్దక్షరాలు కావాలి, ఎవరికి సారాంశం కావాలి, ఏ శాఖకు ఏ బస్సు, ఏ మెయిలు ఎవరికి చెప్పకూడదు. సంస్థలో మెయిలు గురించి తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే ఆమె ఒక్కతే. రెండో రోజు సాయంత్రం మరో సంగతి బయటపడి మళ్లీ అవాక్కయ్యాను. ముప్పై ఏడు డబ్బాల జాబితాలో ఆమె పేరు వెతికితే లేదు. నేను కాక సంస్థ మొత్తంలో మెయిలు వాడుతున్న ఒకే ఒక్క మనిషికి మెయిలు లేదు. "నీకెందుకు లేదక్కా?" అంటే, "నాకెవరు రాస్తరు?" అంది, అదేదో మామూలు సంగతిలాగా.

కొత్త ప్లాను పద్నాలుగు పేజీలే అయింది. ఏడో పేరా ఆమె చెప్పినట్టు మారింది. కొత్త పాస్‌వర్డులు చీటీల మీద రాసి చేతికిస్తామని. తొమ్మిదో పేరాలో కొత్త యంత్రాల్లో మంచిది ఇన్వర్డుకు ఇవ్వాలని, శాఖల్లో మెయిలు చూడటం నేర్పేది ఇన్వర్డక్కేనని, ఆమె పేరుతోనే రాశాను. డబ్బాలు ముప్పై ఎనిమిది. పెద్దసారు అంతా చదివి, సంతకం చేసి, "ఇప్పుడు మనుషులు కనబడుతున్నరు" అన్నాడు. నన్ను మాత్రం పక్కా చేయలేదు. ఇంకో మూడు నెలలు చూస్తానన్నాడు. నాకు అది అన్యాయమనిపించలేదు. నాయన మాత్రం, "పడుగు ఇంగ ఎక్కలేదా?" అని మళ్లీ అడిగాడు.

మార్పిడి ఆదివారం సజావుగా జరిగింది. ఆమె బస్సెక్కి వచ్చి, చీటీల కట్ట ఒళ్లో పెట్టుకుని ఒక్కో డబ్బా తెరిచి చూసి 'ఊఁ' అంటుంటే నేను టిక్కు పెట్టుకున్నాను. చివర ఆమె డబ్బా తెరిచాం. ఖాళీగా ఉంటే బాగుండదని పొద్దునే నేనొక మెయిలు రాసి పెట్టాను. నాలుగే వరుసలు, క్షమించమని. ఆమె చదివింది. ప్రింటు తీసి, ముద్ర కొట్టి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించింది. "గది గూడ ఎక్కియ్యాల్నా అక్కా?" అంటే, "వచ్చిందంటే ఎక్కియ్యాల్సిందే" అంది. నా తప్పు ఆ సంస్థ రికార్డుల్లో నంబరుతో సహా శాశ్వతంగా ఉండిపోయింది.

ఇద్దరం బయట మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే, ఇన్నాళ్లూ అడగలేకపోయింది అడిగాను. "ఆ శుక్రవారం ఆ పేరా సదివినంక ఏమనుకున్నవక్కా? శని, ఆది రెండు దినాలు ఎట్ల ఉన్నవ్? ఇంట్ల ఏమన్నరు?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఇంట్ల చెప్పలె" అంది. "మా ఇంటాయన రెండు సార్లు అడిగిండు, ఏంది గట్లున్నవని. తలకాయ నొస్తున్నదని చెప్పిన. పైన రహస్యం అని రాసినవ్ గదా పిలగా. ఆఫీసు రహస్యం ఇంట్ల ఎట్ల చెప్త?"

గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆమె కన్నా చిన్నవాణ్ణైన నేను, ఆమె బతుకు గురించి, ఆమె నుంచే దాచాలని రాసిన మాట అది. ఆ మాటను నా కన్నా గౌరవంగా చూసింది ఆమె. మూడు రాత్రులు ఆ బరువు తనొక్కతే మోసి, నాకు రొట్టెలు తెచ్చింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆమె కొంగుతో గ్లాసు అంచు తుడిచి, "టీ సల్లారుతది, తాగు" అంది.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక కంపెనీలో సర్వర్లు చూసే విభాగానికి పెద్దను. జుట్టు సగం తెల్లబడింది. చిన్నవాళ్లు అందమైన ప్లానులు తెచ్చి బల్ల మీద పెడతారు, నాలాగే నిలబడి పేజీలు లెక్కపెట్టుకుంటారు. నేను మొదట ఒకటే అడుగుతాను, ఇది ముందుగా ఎవరు చదువుతారు అని. భద్రత గురించి అడుగుతున్నాననుకుని వాళ్లు తాళాల గురించీ సంకేతాల గురించీ పావుగంట చెబుతారు. సారు ఎంత జాగ్రత్త మనిషో అని బయటికెళ్లి చెప్పుకుంటారట. నేను సరిదిద్దను. అద్దాలు తుడుచుకుంటూ, ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాణ్ణి తలచుకుని కొంచెం నవ్వుకుంటాను.